మొటిమలకు మూలికా క్రీము తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మూలిక మంచిదైతే క్రీము దానంతటదే మంచిదవుతుందని చాలామంది అనుకుంటారు. పని మొదలుపెట్టాక తెలుస్తుంది, కష్టమంతా మూలికను క్రీములో నిలబెట్టడంలోనే ఉందని. ఆకు సారం ఎమల్షన్‌ను, అంటే నూనె, నీళ్ల కలయికను, విరగ్గొడుతుంది, రంగు మారుస్తుంది, బూజుకు మేతవుతుంది. కింది జవాబుల్లో సగానికి పైగా ఆ గొడవ గురించే.

మూలికా క్రీము మొటిమల మీద ఏం చేయగలదు, ఏం చేయలేదు?

మొటిమ రావడానికి నాలుగు కారణాలు కలుస్తాయి. నూనె గ్రంథుల్లో జిడ్డు ఎక్కువగా ఊరడం, రోమకూపం మూతి దగ్గర మృతకణాలు పేరుకుని అడ్డుపడటం, అలా మూసుకున్న చోట క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరగడం, దానికి శరీరం స్పందించి వాపూ ఎరుపూ రావడం. 2016కి ముందు రాసిన వాటిలో ఈ బాక్టీరియా పేరు ప్రొపియోనిబాక్టీరియం ఆక్నెస్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

మూలికలు ప్రధానంగా చివరి రెండింటి మీద పనిచేస్తాయి. జిడ్డు ఊరడాన్ని హార్మోన్లు నడిపిస్తాయి కాబట్టి పైపూతతో పెద్దగా తగ్గదు. తేలికపాటి నుంచి ఒక మోస్తరు మొటిమల వరకే ఈ క్రీమును ఊహించుకోవాలి. లోతుగా గడ్డకట్టే మొటిమలు, గుంటలు పడుతున్న ముఖం, జ్వరంతో పాటు ఒక్కసారిగా విరుచుకుపడ్డ మొటిమలు చర్మ వైద్యుల పని.

ఏ మూలికను ఎంచుకోవాలి?

ఒకటి రెండు చాలు. పదిహేను మూలికలు కలిపిన క్రీములో ఎవరికైనా దద్దురు వస్తే ఏది కారణమో తేల్చలేరు, ఒక్కొక్కటీ ఎంత ఉందో పరీక్షించనూ లేరు.

మనుషుల మీద చేసిన పరీక్షల బలం ఎక్కువగా ఉన్నది టీ ట్రీ (ఆస్ట్రేలియా చెట్టు, తేయాకు కాదు) నూనెకు. ఆస్ట్రేలియాలో 124 మందితో చేసి 1990లో ప్రచురించిన అధ్యయనంలో 5 శాతం టీ ట్రీ నూనెను మొటిమల మందైన 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చారు. రెండూ మొటిమలను తగ్గించాయి. టీ ట్రీ నూనె నెమ్మదిగా పనిచేసింది, కానీ మంట, పొడిబారడం లాంటి ఇబ్బందులు తక్కువ. ఈ నూనెలో పనిచేసే ముఖ్య పదార్థం టెర్పినెన్-4-ఓల్. కొనేటప్పుడు ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రంలో దాని శాతం చూడండి, 35కు తగ్గకుండా ఉంటే మంచిది. పాతబడి, గాలి తగిలి ఆక్సీకరణ చెందిన నూనె అలర్జీ తెస్తుంది. మూత తీసి ఎన్నాళ్లయిందో సీసా మీద రాసుకోండి.

గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పాలీఫినాల్ వాపును తగ్గిస్తుంది. చిక్కల్లా రంగుతోనే. నెల తిరిగేసరికి క్రీము గోధుమ రంగులోకి పోతుంది, ఇనుము జాడ ఉంటే నల్లబడుతుంది. వేపాకు సారానికి బాక్టీరియాను అణిచే గుణం ల్యాబుల్లో చాలాసార్లు కనిపించింది, కానీ వాసన, ఆకుపచ్చ రంగు రెండూ మొండివి. పసుపులోని కర్క్యుమిన్ వెలుతురుకు వెలిసిపోతుంది, క్షారంలో ఎర్రబడుతుంది, దిండు గలీబుకు అంటుకుంటుంది. పసుపే కావాలంటే రంగులేని టెట్రాహైడ్రోకర్క్యుమిన్ వాడటం నయం. వంటపొడిని మాత్రం క్రీములో వేయకండి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు పట్టుబడిన సందర్భాలున్నాయి.

అతిమధురం, కలబంద ఎరుపునూ చికాకునూ తగ్గించడానికి తోడు మూలికలుగా బాగుంటాయి. కలబంద మట్ట కోసినప్పుడు కారే పసుపు పాలలో అలోయిన్ ఉంటుంది, అది చర్మాన్ని చికాకుపెడుతుంది. పూర్తిగా కారిపోయాకే గుజ్జు తీయాలి. ఇంకొక అపోహ: విల్లో చెట్టు బెరడు సారం కలిపితే మొటిమల మందైన సాలిసిలిక్ యాసిడ్ కలిపినట్టే అంటారు. బెరడులో ఉండేది సాలిసిన్, ఆ రెండూ వేర్వేరు.

నిమ్మరసం, దాల్చినచెక్క నూనె, లవంగ నూనె, వంట సోడా ఈ క్రీము దరిదాపుల్లోకి రానక్కర్లేదు.

సారం ఎలా తీయాలి?

వేపాకుతో చూద్దాం. ఆకును నీడలో గానీ, 45 డిగ్రీలు దాటని వేడిలో గానీ పెళపెళలాడేదాకా ఆరబెట్టి బరక పొడి కొట్టండి. మెత్తని పిండి చేస్తే వడకట్టడానికి ప్రాణం పోతుంది. 10 గ్రాముల పొడికి 100 గ్రాముల 70 శాతం ఇథనాల్ పోసి, మూత బిగించి, రోజూ ఒకసారి కుదుపుతూ 7 రోజులు ఉంచండి. ముందు బట్టతో, తర్వాత ఫిల్టర్ కాగితంతో వడకట్టండి. ఆ ద్రవాన్ని రోటరీ ఎవాపొరేటర్‌లో (ఒత్తిడి తగ్గించి తక్కువ వేడికే ఇగిర్చే యంత్రం) 50 డిగ్రీల లోపు ఇగిర్చితే లేహ్యం లాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని తూచి, ఎన్ని గ్రాముల ఆకుకు ఎంత వచ్చిందో ప్రతి బ్యాచ్‌కూ రాసుకోండి. ఇథనాల్‌ను మంట దగ్గర ఇగర్చకండి.

ఇథనాల్ వద్దనుకుంటే 60 భాగాల ప్రొపేన్‌డయాల్ (గ్లిజరిన్ లాంటి ద్రావకం), 40 భాగాల నీళ్లు కలిపి అదే పద్ధతిలో నానబెట్టవచ్చు. ఇగర్చే పని ఉండదు, ద్రవాన్ని నేరుగా క్రీములో కలుపుకోవచ్చు. కాకపోతే ఇక్కడ ఒక లెక్క చాలామంది వేసుకోరు. 10 గ్రాముల ఆకును 100 గ్రాముల ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని క్రీములో 3 శాతం వేశారనుకోండి. 100 గ్రాముల క్రీములోకి వెళ్లింది 0.3 గ్రాముల ఆకులోని సారం. లేబుల్ మీద వేప బొమ్మ వేసుకోవడానికి అది చాలు, మొటిమకు చాలుతుందో లేదో పరీక్షే చెప్పాలి. అందుకే ఇగిర్చిన ముద్ద సారాన్ని 0.5 నుంచి 1 శాతం వరకు వాడటం వైపే మా మొగ్గు.

సారం డబ్బా మీద 10:1 అని ఉంటుంది. అంటే?

10 కిలోల మూలిక నుంచి 1 కిలో సారం వచ్చిందని. 1:10 అని ఉంటే లెక్క తిరగబడుతుంది, 1 కిలో మూలికకు 10 కిలోల ద్రవం. ఈ రెండింటికీ మధ్య తేడా వంద రెట్లు. ఈ నిష్పత్తి ఒక్కటే చూసి కొనకండి. గుర్తింపు పదార్థం (ఆ మూలికకు గుర్తుగా కొలిచేది, గ్రీన్ టీకి ఈజీసీజీ లాంటిది) శాతం, సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం, పురుగుమందుల అవశేషాల పరీక్ష ఫలితాలు అడగండి. ముడి మూలికల్లో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి.

కషాయం కాచి క్రీములో పోసేస్తే సరిపోదా?

సరిపోదు. కషాయంలో చక్కెరలు, పిండిపదార్థాలు, లవణాలు అన్నీ దిగుతాయి. బయట పెడితే రెండో రోజుకే పులుస్తుంది.

ఏ నూనెలతో బేస్ చేయాలి?

బేస్ అంటే మూలిక కలపని క్రీము. మొటిమల క్రీము బేసే మొటిమలు తెప్పించకూడదు. కొబ్బరినూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ రోమకూపాలను మూసేస్తాయన్న పేరున్నవి. ఈ పేరు చాలావరకు కుందేలు చెవి మీద చేసిన పాత పరీక్షల నుంచి వచ్చింది, మనిషి ముఖం మీద ప్రతిసారీ అలాగే జరగాలని లేదు. అయినా వేరే దారి ఉన్నప్పుడు వాటి జోలికి ఎందుకు? క్యాప్రిలిక్/క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, స్క్వాలేన్, జొజోబా తేలికగా ఉంటాయి, త్వరగా మక్కవు. మైనాలు, ఎమల్సిఫయర్ కాకుండా నూనెలన్నీ కలిపి 10 శాతం చుట్టూ ఉంచితే జిడ్డు చర్మం భరిస్తుంది.

మొదటి ప్రయత్నానికి 100 గ్రాముల ఫార్ములా చెప్పండి.

నీటి భాగం:
డిస్టిల్డ్ వాటర్ 74.4 గ్రా.
గ్లిజరిన్ 4 గ్రా.
జాంథన్ గమ్ 0.3 గ్రా.
డైసోడియం ఈడీటీఏ (లోహాల జాడలను కట్టిపడేసేది) 0.1 గ్రా.

నూనె భాగం:
క్యాప్రిలిక్/క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 6 గ్రా.
స్క్వాలేన్ 2 గ్రా.
సెటియరిల్ ఆల్కహాల్ (మైనం లాంటిది) 2.5 గ్రా.
గ్లిజరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్ మిశ్రమం (ఎమల్సిఫయర్, నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచేది) 4 గ్రా.
విటమిన్ ఇ 0.2 గ్రా.

చల్లారాక కలిపేవి:
వేపాకు ప్రొపేన్‌డయాల్ సారం 3 గ్రా.
గ్రీన్ టీ సారం పొడి 0.5 గ్రా.
టీ ట్రీ నూనె 2 గ్రా.
ఫినాక్సీఇథనాల్, ఎథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం (ప్రిజర్వేటివ్, క్రీము చెడకుండా ఆపేది) 1 గ్రా.

వేపాకు ముద్ద సారం వాడేటట్టయితే 1 గ్రాము ముద్దను 2 గ్రాముల ప్రొపేన్‌డయాల్‌లో కరిగించి ఆ 3 గ్రాముల స్థానంలో వేయండి. టీ ట్రీ నూనె 2 శాతం మొదలుపెట్టడానికే, ఫలితం చూపిన మోతాదు 5 శాతం. బేస్ నిలకడగా ఉందని తేలాక నూనె పెంచుతూ, పెంచినంత ట్రైగ్లిజరైడ్ తగ్గించండి. అలా మారిన ప్రతి ఫార్ములానూ కొత్తదానిలాగే మళ్లీ పరీక్షించాలి. 0.01 గ్రాము తూచే త్రాసు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. చెంచాలతో కొలిస్తే ఈడీటీఏ రెండింతలు పడుతుంది.

కలిపే క్రమం?

ముందుగా 5 గ్రాముల నీటిని పక్కన పెట్టండి, గ్రీన్ టీ పొడి కరిగించడానికి. జాంథన్ గమ్‌ను నేరుగా నీళ్లలో చల్లితే పైన తడిసి లోపల పొడిగా ఉండే చేప కళ్లలాంటి ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడిపోవు. గ్లిజరిన్‌లో గమ్ వేసి పలచటి ముద్దలా కలిపి, తిరుగుతున్న నీటిలో సన్నగా జార్చండి. ఈడీటీఏ వేయండి. బీకరుతో సహా తూచి అంకె రాసుకోండి.

నీటి బీకరు, నూనె బీకరు రెండూ వాటర్ బాత్‌లో 75 డిగ్రీలకు తేవాలి. మైనపు పలుకులు ఒక్కటి కూడా మిగలకూడదు. నీటి బీకరును మళ్లీ తూచి, ఆవిరైనంత వేడి నీళ్లు పోసి సరిచేయండి. ఈ మెట్టు వదిలేసిన వాళ్ల క్రీము ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో చిక్కదనంతో వస్తుంది, తప్పు ఎమల్సిఫయర్ మీదికి పోతుంది.

తర్వాత నూనె భాగాన్ని నీటి భాగంలోకి పోస్తూ హోమోజెనైజర్‌తో (నూనెను సన్నని బిందువులుగా చీల్చే మిక్సర్) 3 నుంచి 5 నిమిషాలు తిప్పండి. స్టిక్ బ్లెండరైతే ఆపి ఆపి నడపండి, తల పైకి తేలితే గాలి చొరబడి క్రీము నురగలా అవుతుంది. ద్రవం పాలలా తెల్లబడి గరిటె వెనుక సమంగా పట్టుకుంటే ఎమల్షన్ ఏర్పడ్డట్టే. ఇక నెమ్మదిగా కలుపుతూ చల్లార్చండి. 40 డిగ్రీల లోపుకు వచ్చాక గ్రీన్ టీ ద్రావణం, వేప సారం, టీ ట్రీ నూనె, ప్రిజర్వేటివ్ ఒకదాని తర్వాత ఒకటి, ప్రతిదానికీ రెండు నిమిషాలు తిప్పుతూ వేయండి. వేడిగా ఉండగా టీ ట్రీ నూనె వేస్తే గది అంతా ఘుమఘుమలాడుతుంది. ఆ వాసనంతా క్రీములోంచి పోయినదే.

పీహెచ్ ఎంత ఉండాలి, ఎలా చూడాలి?

5.0 నుంచి 5.5. ముఖ చర్మానికి ఆ స్థాయి నప్పుతుంది, ఈజీసీజీ కూడా ఆమ్ల స్థితిలోనే ఎక్కువ కాలం నిలుస్తుంది. 1 గ్రాము క్రీమును 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి మీటరుతో చూడండి. రంగు కాగితాలు మూలికా క్రీములో పనికిరావు, సారం రంగు కాగితం రంగును మింగేస్తుంది. తగ్గించాలంటే 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం చుక్కలుగా, పెంచాలంటే 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం. మరుసటి రోజు మళ్లీ కొలవండి.

నా క్రీము విరిగిపోయింది. ఎందుకు?

ఎప్పుడు విరిగిందన్నదే మొదటి ఆధారం.

బీకరులోనే, పోస్తుండగానే గింజలు గింజలుగా విరిగితే రెండు భాగాల వేడిలో తేడా ఉంది. నూనె 75 దగ్గరుండి నీళ్లు 60 దగ్గరుంటే మైనాలు నీరు తగలగానే గడ్డకడతాయి. రెండింటినీ మళ్లీ 75కు తెచ్చి తిప్పితే చాలాసార్లు దారికొస్తుంది.

మూలిక సారం వేసిన క్షణంలో పలచబడితే సారంలోని లవణాలో, ఆల్కహాలో కారణం. కార్బొమర్ అనే కృత్రిమ జెల్ పదార్థంతో చిక్కబరిచిన క్రీముల్లో ఇది మరీ ఎక్కువ. కాస్త లవణం తగిలినా కార్బొమర్ నీరుగారిపోతుంది, కలబంద గుజ్జు కూడా అందుకు సరిపోతుంది. ఇక్కడ జాంథన్ గమ్ ఎంచుకున్నది అందుకే. ఏది కారణమో తేల్చడానికి మూలికల్లేని బేస్ 100 గ్రాములు చేసి నాలుగు చిన్న సీసాల్లో పోయండి. ఒకదాంట్లో వేప, ఒకదాంట్లో గ్రీన్ టీ, ఒకదాంట్లో టీ ట్రీ నూనె, నాలుగోది ఉత్తది. రాత్రికి రాత్రే దొంగ దొరుకుతాడు.

వారం తర్వాత పైన తెట్టు కడితే నూనె బిందువులు పెద్దవిగా ఉన్నాయి. స్లయిడు మీద చుక్క పెట్టి 400 రెట్ల సూక్ష్మదర్శినిలో చూడండి. బిందువులు చిన్నగా, దాదాపు ఒకే సైజులో, దేనికది విడిగా కనిపించాలి. మధ్యమధ్య పెద్ద గుండ్రాలు కనిపిస్తూ పక్కవాటిని కలుపుకుంటుంటే హోమోజెనైజేషన్ చాలలేదు, లేదా ఎమల్సిఫయర్ తక్కువైంది.

క్రీము విరగకుండా మరుసటి రోజు గట్టిపడితే కంగారు పడకండి. సెటియరిల్ ఆల్కహాల్ పూర్తిగా పేరుకోవడానికి ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. చిక్కదనాన్ని 48 గంటల తర్వాతే లెక్కలోకి తీసుకోండి. రాసేటప్పుడు తెల్లని సబ్బు గీతలు వస్తే సెటియరిల్ ఆల్కహాల్‌ను అర శాతం చొప్పున తగ్గిస్తూ చూడండి.

ప్రిజర్వేటివ్ లేకుండా, పూర్తి సహజంగా చేయలేమా?

నీళ్లున్న క్రీములో చేయలేరు. మూలిక సారం ఉన్నదాంట్లో అసలే కాదు. టీ ట్రీ నూనె బాక్టీరియాను చంపుతుంది కదా అంటారు. దానిలో ఎక్కువ భాగం నూనె బిందువుల్లో దాక్కుంటుంది, సూక్ష్మజీవులు పెరిగేది నీటి భాగంలో. విటమిన్ ఇ నూనె మక్కకుండా చూస్తుంది, బూజును ఆపదు. నిమ్మ జాతి పండైన గ్రేప్‌ఫ్రూట్ గింజల సారాన్ని సహజ ప్రిజర్వేటివ్ అని అమ్ముతుంటారు. అలా అమ్మిన కొన్నింటిని విశ్లేషిస్తే బెంజెథోనియం క్లోరైడ్ లాంటి కృత్రిమ పదార్థాలు బయటపడ్డాయి, పనిచేసింది అవే.

చీముపట్టిన మొటిమల మీద రాసే క్రీములో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగితే చేసే చెరుపు మామూలుది కాదు. సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ జంట వాడాలనుకుంటే పీహెచ్‌ను 5కు దిగువన ఉంచాలి, పైకి పోయేకొద్దీ వాటి బలం పడిపోతుంది. ఏది వాడినా పూర్తయిన క్రీముతోనే ఐఎస్ఓ 11930 ఛాలెంజ్ పరీక్ష చేయించండి. కావాలని బాక్టీరియా, ఈస్టు, బూజు కలిపి 28 రోజులు లెక్కపెడతారు. అమ్మకానికి వెళ్లే క్రీములో గ్రాముకు 1000కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదని ఐఎస్ఓ 17516 చెబుతుంది.

నిలకడ పరీక్షలు ఏవేవి?

తొలి జల్లెడ సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం): 3000 ఆర్‌పీఎం వద్ద 30 నిమిషాలు. అక్కడే విడిపోతే మిగతా పరీక్షలు దండగ. నిలిచినదాన్ని అమ్మే డబ్బాలోనే పోసి 4, 25, 40 డిగ్రీల దగ్గర 3 నెలలు, కిటికీ వెలుతురులో ఒకటి, గడ్డకట్టించి కరిగించే చక్రాలకు ఒకటి పెట్టండి. 0, 7, 15, 30, 60, 90 రోజుల్లో రంగు, వాసన, పీహెచ్, చిక్కదనం రాసుకోండి. ప్రతిసారీ ఒకే వెలుతురులో, తెల్లకాగితం మీద ఫొటో తీయండి. గ్రీన్ టీ క్రీము ఎంత గోధుమబారిందో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేరు. గుర్తింపు పదార్థం శాతాన్ని కూడా మొదట, చివర కొలిపించండి. చూడటానికి చక్కగా ఉన్న క్రీములో ఈజీసీజీ సగం పోయి ఉండొచ్చు.

బాక్టీరియా మీద పనిచేస్తుందో లేదో ఎలా చూస్తారు?

క్యుటిబాక్టీరియం ఆక్నెస్ ఆక్సిజన్ లేని చోట పెరుగుతుంది. ఏటీసీసీ 6919 అనే ప్రామాణిక రకాన్ని అనెరోబిక్ జార్‌లో 37 డిగ్రీల వద్ద 48 నుంచి 72 గంటలు పెంచి, అగార్ పళ్లెంలో గుంటలు చేసి క్రీము నింపి చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయాన్ని కొలుస్తారు. అదే పళ్లెంలో మూలికల్లేని బేస్, ప్రిజర్వేటివ్ ఉన్న బేస్, క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఉండాలి. ప్రిజర్వేటివ్ చేసిన వలయాన్ని వేప ఖాతాలో వేసిన నివేదికలు తక్కువేం కావు. ఇంకో మెలిక, నూనెలు అగార్‌లో సరిగా పాకవు. చిన్న వలయం వచ్చినంత మాత్రాన టీ ట్రీ నూనె బలహీనమని కాదు. దానికి కనిష్ఠ నిరోధక సాంద్రత పరీక్ష (బాక్టీరియాను ఆపే అతి తక్కువ మోతాదును తేల్చేది) నమ్మదగినది. ఏదేమైనా పళ్లెంలోని వలయం పళ్లెం సంగతే చెబుతుంది, ముఖం సంగతి కాదు.

మనుషుల మీద పరీక్ష?

ముందు భద్రత. వీపు మీద ప్యాచ్ 48 గంటలు ఉంచి, తీసినప్పుడూ, మళ్లీ 72 లేదా 96 గంటలకూ చూస్తారు. ఫలితం తేల్చే అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, చర్మ వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. సగం మందికి క్రీము, సగం మందికి బేస్, ఎవరికి ఏది పడిందో లెక్కించేవారికి తెలియకూడదు. 0, 4, 8, 12 వారాల్లో బ్లాక్‌హెడ్లు, ఎర్ర మొటిమలు, చీము మొటిమలు విడివిడిగా లెక్కపెట్టాలి. బేస్ రాసినవారిలోనూ కొంత తగ్గుతుంది, మొటిమల స్వభావమే అంత. ఆ బృందం లేకుండా వచ్చిన "80 శాతం తగ్గింది" అన్న మాటకు విలువ లేదు.

రెండు రోజుల్లో మొటిమలు మాయమయ్యే మూలికా క్రీములు ఉన్నాయి కదా?

అనుమానించండి. మూలికా క్రీముల పేరుతో అమ్మినవాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లు దొరికాయి. వాపు వెంటనే చల్లారుతుంది, మానేయగానే రెట్టింపై తిరిగొస్తుంది, చర్మం పలచబడుతుంది. నిజమైన మూలికా క్రీముకు 6 నుంచి 8 వారాలు పడుతుంది.

లేబుల్ మీద "మొటిమలకు చికిత్స" అని రాయవచ్చా?

చాలా దేశాల్లో ఆ మాట రాయగానే అది సౌందర్య ఉత్పత్తి కాదు, మందు. అనుమతులు, తయారీ నియమాలు అన్నీ మారిపోతాయి. ఉదాహరణకు అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మే మొటిమల మందుల నియమావళిలో సాలిసిలిక్ యాసిడ్ 0.5 నుంచి 2 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 నుంచి 10 శాతం, గంధకం లాంటివే ఉన్నాయి, టీ ట్రీ నూనెకు చోటు లేదు. ఏ దేశంలో అమ్ముతారో ఆ దేశపు నియమాలను ఫార్ములా ఖరారు చేయకముందే చదవాలి.

ఏ డబ్బాలో పోయాలి?

గాలి చొరబడని పంపు సీసా, లేదా లోపల లక్క పూత ఉన్న అల్యూమినియం ట్యూబు. వెడల్పు మూతి డబ్బాలో రోజూ వేలు పెడతారు. పాలీస్టైరీన్ వద్దు, టీ ట్రీ నూనె దాన్ని పగలగొడుతుంది.

100 గ్రాములు బాగా వచ్చింది, 10 కిలోలు చేస్తే పలచగా వచ్చింది. ఏమైంది?

పెద్ద పాత్ర నెమ్మదిగా చల్లారుతుంది. బీకరు అరగంటలో 40కి దిగితే పాత్రకు గంటలు పడుతుంది, అంతసేపూ గట్టిగా తిప్పుతూ ఉంటే అప్పుడే ఏర్పడుతున్న మైనపు అల్లిక తెగిపోతుంది. 55 డిగ్రీల కింద హోమోజెనైజర్ ఆపేసి, గోడలు గీకే తెడ్డుతో నిమిషానికి 20, 30 చుట్లు చాలు. పాత్రకు చన్నీటి జాకెట్ ఉంటే వాడండి, కానీ మరీ చల్లని నీళ్లు వదిలితే గోడల దగ్గర క్రీము గడ్డకట్టి ఉండలుగా కలుస్తుంది. ఒకేసారి 10 కిలోలకు దూకకుండా మధ్యలో 1 కిలో బ్యాచ్ చేసి, చల్లారిన సమయాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టుకోండి.